నల్లపొడి కొమ్ములు

ఆ రోజుల్లో నన్నెవరైనా ఏం చేస్తున్నావని అడిగితే పరిశోధన అని చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ వెనకాలే ఒక ఆవలింత వచ్చేది. ఇప్పుడు తీరిగ్గా తలుచుకుంటే ఆ ఏళ్లలో నేర్చుకున్న చదువు కన్నా పడ్డ అలసటే ఎక్కువ గుర్తుంది. అదీ ఒక రకం కాదు. బస్సులో నిలబడిన అలసట వేరు, బోర్డు ముందు నిలబడిన అలసట వేరు, ఒక పొడిని కడిగి, ఆరబెట్టి, తూచి, మళ్లీ కడగడానికి సింకు ముందు నిలబడిన అలసట వేరు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మా ఇల్లు బోధన్‌లో. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతూ, హైదరాబాద్‌లో ఒక గైడు సారు దగ్గర పార్ట్‌టైం పీహెచ్‌డీలో చేరాను. (పార్ట్‌టైం అంటే సగం పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి రెండు పూర్తి పనులు, ఒకే మనిషి.) చెరకు సీజనులో బోధన్ రోడ్డు మీద లారీలూ ఎడ్లబండ్లూ బారులు తీరేవి. వాటి వెనక మా బస్సు నడిచే తీరుకి నేను ఒక పరిశోధన పత్రం చదివి, ఒక కునుకు తీసి, లేచి చూస్తే ఇంకా అదే బండి చెరకు గడలు కిటికీలోకి తొంగిచూస్తుండేవి.

నా పరిశోధన ఏమిటో మా బంధువులకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది గనుక ఇక్కడ ఒక్కసారే చెప్పేస్తాను. రాగి ఆక్సైడ్ అని ఒక నల్లపొడి ఉంటుంది. దాని రేణువుల్ని తలవెంట్రుక మందంలో వెయ్యి పట్టేంత చిన్నగా తయారుచేయాలి. చిన్నగా ఉంటే సరిపోదు, వాటి ఆకారం కూడా మనం చెప్పినట్టు వినాలి. సన్నగా పొడుగ్గా కడ్డీల్లా వస్తే అది మంచి ఉత్ప్రేరకం అవుతుంది, గుండ్లలా వస్తే మందకొడి ఉత్ప్రేరకం అవుతుంది. ఉత్ప్రేరకం అంటే తాను అరగకుండా, తరగకుండా ఇతర పదార్థాల పని త్వరగా అయ్యేలా చేసేది. (కాలేజీ యాజమాన్యం లెక్చరర్ల నుంచి ఆశించేదీ అదే.) నాకిచ్చిన పరీక్ష చూడ్డానికి తేలిక. ఒక పసుపుపచ్చని ద్రావణంలో ఈ పొడి వేస్తే ఆ రంగు మాయమైపోతుంది. కడ్డీలైతే తొందరగా, గుండ్లైతే నెమ్మదిగా. పని అయ్యాక పొడిని వడకట్టి, కడిగి, ఆరబెట్టి మళ్లీ వాడాలి. అలా ఎన్నిసార్లు వాడినా సత్తా తగ్గకపోతే అప్పుడు ప్రపంచం మెచ్చుకుంటుంది, పత్రం అచ్చవుతుంది, పీహెచ్‌డీ వస్తుంది.

ఆ కడ్డీలు ఆరునెలల దాకా నా మాట వినలేదు. రాగి లవణం కలిపిన నీలం ద్రావణంలో క్షారాన్ని చుక్కచుక్కగా వేయాలి. కొంచెం వేగంగా పడితే గుండ్లు, కొంచెం వేడెక్కితే గుండ్లు, మధ్యలో కరెంటు పోయి కలియబెట్టే యంత్రం ఆగితే అన్నీ గుండ్లే. వచ్చినవి ఏమిటో ఇక్కడ తెలిసే దారి కూడా లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు హైదరాబాద్‌లో ఉండేది, నెలకొక్క వంతు మాత్రమే దొరికేది. చిటికెడు పొడిని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కి వెళితే, అక్కడి ఆపరేటరు తెర వైపు చూసి, నా వైపు తిరక్కుండానే "ఆలుగడ్డలే" అనేవాడు. మళ్లీ బస్సెక్కి వచ్చేవాణ్ణి. మా అమ్మ చర్చిలో స్త్రీల కూటానికి నా సంగతి ప్రార్థన అంశంగా ఇచ్చింది. నా పెళ్లి సంగతి కూడా పక్కనబెట్టి, మా పిల్లగాని పొడి పొడుగ్గా రావాలని పదిహేను మంది ఆడవాళ్లు మోకాళ్ల మీద ప్రార్థించారు. ఏడో నెలలో కడ్డీలు వచ్చాయి. ఆపరేటరు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. మా అమ్మ ఆశ్చర్యపోలేదు.

కడ్డీలు వచ్చేసరికి గడువు దగ్గరపడింది. ఆ డిసెంబరులోగా ఒక పత్రం పంపకపోతే నా రిజిస్ట్రేషన్ పొడిగించరు. ఆ పత్రం ఉంటే కాలేజీలో ఖాళీ కాబోతున్న పర్మినెంటు పోస్టుకు నా పేరు ముందు ఉంటుంది. పత్రానికి మిగిలిన పని ఒక్కటే. అర గ్రాము కడ్డీల పొడిని అయిదుసార్లు వాడి, ప్రతిసారీ ఎంత తిరిగొచ్చిందో, ఎంత బాగా పనిచేసిందో లెక్క చూపించాలి.

మా లాబ్‌లో అప్పుడు ఒక ఆయమ్మ ఉండేది. అంతకు ముందు చాలా ఏళ్లు గంజ్ మార్కెట్లో ఒక పసుపు దుకాణంలో తూకం వేసిందట. త్రాసును అక్కడ కాంటా అంటారు గనుక పిల్లలు ఆమెకు కాంటవ్వ అని పేరు పెట్టారు, ఆమె ఆ పేరుకు సంతోషంగా పలికేది. చేతిలో వస్తువు పెడితే బరువు చెప్పేది. వేల్పూరు పసుపుకీ బాల్కొండ పసుపుకీ వాసనలో తేడా పట్టేది. తక్కువ తూకం అనే మాట వింటే ఆమె ముఖం ముడుచుకుపోయేది. దుకాణంలో ఎవరికి పావుకిలో తూచినా పైన ఒక కొమ్ము కొసరు వేసేదాన్నని, సేటు కోపం చేసినా మానలేదని గర్వంగా చెప్పేది. మా దగ్గరా అదే పద్ధతి. రెండు చాక్‌పీసులు అడిగితే మూడు తెచ్చేది. యాసిడ్ సీసాలో సగం పోయమంటే మూతిదాకా పోసేది. (ఈ విషయాన్ని నేను అప్పుడే కాస్త ఆలోచించి ఉంటే మీకు ఈ కథ చెప్పే అవసరం ఉండేది కాదు.)

నా దగ్గర రెండు చిన్న సీసాలుండేవి. ఒకదాంట్లో ప్రాణంగా చూసుకునే కడ్డీలు, ఇంకోదాంట్లో ఆరునెలలుగా పోగైన గుండ్లు. రెండూ ఒకేలా నల్లగా ఉండేవి. కలిసిపోతాయేమోనని ఒకదాని మీద నిలువు గీత, ఇంకోదాని మీద సున్నా గీశాను. కాంటవ్వ ఒకరోజు అవి తుడుస్తూ, ఇవేంటివని అడిగింది. నాకు పాఠం చెప్పే జబ్బు ఉండేది, అలసిపోయినప్పుడు ఇంకా ఎక్కువయ్యేది. పసుపు తవ్వినప్పుడు పొడుగ్గా ఉండే కొమ్ములూ వస్తాయి, గుండ్రంగా ఉండే తల్లి దుంపలూ వస్తాయి. ఆ గుండ్రటివాటిని మండ అంటారు. ఇదీ అంతేనని చెప్పాను.

"గీత సీస కొమ్ము అవ్వా, సున్న సీస మండ. సరుకు రెండిట్ల ఒక్కటే. రూపమే వేరు."

"గట్ల చెప్పుండ్రి. సమజైంది," అంది కాంటవ్వ.

ఆ పోలిక నాకు ఎంతగా నచ్చిందంటే ఆ వారమే రెండో సంవత్సరం పిల్లలకు కూడా చెప్పాను, స్టాఫ్‌రూంలో చెప్పాను, గైడు సారుకు ఫోన్లో చెప్పాను. నానో పదార్థాల్ని నిజామాబాద్ భాషలోకి దించిన మొదటి మనిషిని నేనేనని ఆ రోజు బస్సులో నవ్వుకున్నాను.

మొదటి ప్రయత్నం నా చేత్తోనే చేశాను. పసుపు రంగు చక్కగా పోయింది. పొడి వడపోత కాగితానికి పట్టుకుని రానంది. గీకితే కాగితం పీచు వచ్చింది గానీ పొడి రాలేదు. ఎండబెట్టి తూచితే మూడోవంతు గల్లంతు. స్టూలు మీద కూర్చుని తల పట్టుకున్నాను. కాంటవ్వ చీపురు గోడకు ఆనించి వచ్చి, గింత పొడికి గంత రంది ఎందుకని అడిగి, కాగితం అందుకుని, వేలుగోటితో అంచు నుంచి ఒక్క దులుపు దులిపింది. నేను వదిలేసిన పొడి సగం దాకా కింద రాలింది. గంజ్‌లో పసుపు చూర దులిపిన చేయి అది. అప్పుడే నిర్ణయించుకున్నాను. నాకు ఎలాగూ వరస క్లాసులు. వడకట్టి కడిగి ఓవెన్‌లో పెట్టేవరకు నేను, తీసి గీకి తూచి చీటీ మీద అంకె రాసిపెట్టే పని కాంటవ్వ. ఎలక్ట్రానిక్ త్రాసు వాడ్డం ఆమెకు ఒక పూటలో వచ్చింది. అంకెలు ఆమెకు ముందే వచ్చు.

కొత్తగా అర గ్రాము కడ్డీలు తీసుకుని మళ్లీ మొదలుపెట్టాం. మొదటిసారి వాడాక సాయంత్రం వచ్చి చీటీ చూశాను. అర గ్రాము. చివరి అంకె దాకా అర గ్రామే. రెండోసారి కూడా అంతే. మూడోసారి కూడా. అయిదుసార్లకు అయిదు చీటీలు, అయిదింటి మీదా ఒకే అంకె. బుద్ధి ఉన్న ఏ మనిషికైనా అక్కడ అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది. పరీక్ష రాసిన పిల్లాడు తాను రాసిందంతా ఒప్పేనని నమ్మినట్టు నేనూ నమ్మాను. ఎస్‌టీడీ బూతు నుంచి గైడు సారుకు ఫోన్ చేసి, ఒక్క రేణువు కూడా పోలేదు సార్ అన్నాను. ఆయన నీ చేయి చాలా మంచిదయ్యా అన్నారు. (చేయి నాది కాదని చెప్పాల్సిన చోటే చెప్పలేదు. అది కూడా లెక్కలో రాసుకోవాలి.)

ఒక చిక్కు మాత్రం ఉంది. బరువు తగ్గడం లేదు గానీ సత్తా తగ్గుతోంది. మొదటిసారి టీ తాగి వచ్చేలోపు పోయిన పసుపు రంగు, అయిదోసారికి నేను టీ తాగి, పేపరు చదివి, అటెండెన్స్ రిజిస్టరు పూర్తిచేసినా ఇంకా లేతగా మిగిలే ఉంది. అయిదుసార్లు వాడిన పొడిని పట్టుకుని హైదరాబాద్ వెళ్లాను. తెర మీద కడ్డీల మధ్య బోలెడు గుండ్లు. ఆపరేటరు పాత చూపులోకి వచ్చేశాడు. గైడు సారు మాత్రం ఆ ఫోటో చూసి కుర్చీలోంచి లేచారు. బరువు తగ్గలేదంటే పొడి బయటికి పోలేదు, గుండ్లు కనిపిస్తున్నాయంటే కడ్డీలే వాడకంలో అరిగి గుండ్లుగా మారుతున్నాయి, అందుకే సత్తా తగ్గుతోంది అన్నారు. ఇది కొత్త విషయం, వెంటనే రాసెయ్ అన్నారు. ఆ మాటకు నా రెండేళ్ల అలసట దిగిపోయినట్టే అనిపించింది.

పద్నాలుగు పేజీలు రాశాను. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక బొమ్మ. ముందు కడ్డీ, తరువాత కొసలు అరిగిన కడ్డీ, తరువాత గుడ్డు ఆకారం, చివరికి గుండు. మధ్యలో బాణం గుర్తులు. ఆ గుడ్డు ఆకారాన్ని ఏ ఫోటోలోనూ నేను చూడలేదు. ఉండి తీరాలి గనుక గీశాను. స్టాఫ్‌రూంలో ఆ బొమ్మ చూపించి, వాడకంలో పడితే ఎంతటి పదునైనదైనా మొద్దుబారుతుంది, లెక్చరరైనా సరే అని ఉపన్యసించాను. మా అమ్మ స్త్రీల కూటంలో ఈసారి కృతజ్ఞతా స్తుతులు చెల్లించింది. పత్రం సోమవారం పంపాలి. శుక్రవారం గైడు సారు ఫోన్ చేసి, పోల్చి చూపడానికి మొదట్లో వచ్చిన గుండ్ల పొడి కొంచెం కావాలి, వస్తూ తీసుకురా అన్నారు.

బీరువా తీసి సున్నా సీసా పైకెత్తితే తేలిగ్గా తగిలింది. అడుగున గోటిమీద పట్టేంత పొడి ఉంది. ఎలుకలు రాగి ఆక్సైడ్ తినవు. విద్యార్థులెవరూ ఆ బీరువా ముట్టరు. కాంటవ్వ అప్పుడు పరీక్షనాళికలు కడుగుతోంది. ఈ సీసా పొడి ఏమైందని మామూలుగానే అడిగాను. ఆమె కూడా మామూలుగానే చెప్పింది.

"తక్కువ వడ్డది కలిపిన సారూ."

"దేంట్ల కలిపినవ్?"

"మీ పొడిలనే. ఎన్నడు సూసినా జర తక్కువే వచ్చేది. మీరు మల్ల తలకాయ పట్టుకోని కూసుంటరని, సున్న సీసలకెంచి గింత ఏసి సరిజేసిన. గీత సీస ముట్టలే, గది మీకు పానం గద."

"నాకెందుకు చెప్పలే?"

ఆమెకు ఆ ప్రశ్న అర్థమే కాలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కొసరు ఏసి చెప్పుకుంటరా సారూ ఎవలన్న. మీరే అన్నరు గద, సరుకు రెండిట్ల ఒక్కటేనని."

నేను స్టూలు మీద కూర్చున్నాను. తల పట్టుకోబోయి, ఆమె చూస్తోందని చేతులు దించేశాను. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలా అని వెతికాను. చీటీల మీద ఒకే అంకె అయిదుసార్లు చూసి గర్వపడింది నేను. పాఠం చెప్పింది నేను. అంతా వెతికి చూస్తే కోపం పెట్టుకోవడానికి గదిలో నేను తప్ప ఎవరూ దొరకలేదు. కడ్డీలు గుండ్లుగా మారలేదు. గుండ్లు గుండ్లుగానే వచ్చి చేరాయి. నా గుడ్డు బొమ్మ వట్టి కోడిగుడ్డు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ శని ఆదివారాలు పత్రం అలాగే పంపేద్దామని నేను ఆలోచించాను. ఒకసారి కాదు. సున్నా సీసా కడిగేస్తే చాలు, ఎవరికీ తెలియదు. కాంటవ్వకు అది తప్పన్న సంగతే తెలియదు. ఆదివారం చర్చిలో మా అమ్మ పక్కన నిలబడి పాడుతూ కూడా అదే ఆలోచించాను. చాలా అలసిపోయి ఉన్నాను, మళ్లీ మొదటి నుంచి చేయడమంటే ఒళ్లు భయపడింది. సోమవారం పొద్దున లాబ్‌కు వెళితే కాంటవ్వ గడప దగ్గర నిలబడి ఉంది. రెండు రోజులుగా ఆమె కూడా ఆలోచించినట్టుంది. నేను తల పట్టుకోకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టిందట.

"నేను జేసింది గడబడైందా సారూ? నన్ను తీసేస్తరా?"

"నిన్ను కాదవ్వా. తీసేస్తే నన్ను తీసెయ్యాలె."

ఆమె నమ్మలేదు. నమ్మించే ఓపిక నాకు లేక నేరుగా ఎస్‌టీడీ బూతుకు నడిచాను. పత్రం పంపడం లేదు సార్, పొడిలో పొడి కలిసింది అని చెప్పాను. గోడ మీది మీటరు తిరుగుతూనే ఉంది.

"ఎవరు కలిపారు?" అన్నారు గైడు సారు.

"నేనే సార్."

"ఎందుకు కలిపావయ్యా?"

"రెండూ ఒకటేననుకుని."

"ఆ రెండూ ఒకటి కావని నిరూపించడానికే కదా," అన్నారాయన మెల్లగా, "రెండేళ్ల కిందట నువ్వు నా దగ్గర చేరింది."

ఆయన మంచివాడు. గడువు ఆరు నెలలు పొడిగించమని కోరుతూ తానే ఒక ఉత్తరం రాశారు. పర్మినెంటు పోస్టు ఈలోపు వేరే ఆయనకు వెళ్లింది. మా అమ్మ కూటానికి మళ్లీ ప్రార్థన అంశం ఇచ్చింది, ఈసారి వివరాలు చెప్పకుండా.

గీత సీసాలో మిగిలిన కడ్డీలతో మళ్లీ మొదలుపెట్టాను. గీకే పని కాంటవ్వకే ఇచ్చాను. అంత మంచి చేయి నాకెక్కడ దొరుకుతుంది? కానీ ఎంత వస్తే అంతే రాయాలి, ఒక్క రేణువు కూడా కలపకూడదు, కడ్డీలూ గుండ్లూ ఒకటి కావు, నేను చెప్పింది తప్పు అని ఆమె ముందు నిలబడి ఒప్పుకున్నాను. ఆమె సరేనంది గానీ ఆ నెల రోజులు పడ్డ బాధ నేను కళ్లారా చూశాను. త్రాసు మీద తక్కువ అంకె కనపడగానే పక్కకు చూసేది. మళ్లీ చూసేది, తగ్గింది పెరిగిందేమోనని. చీటీ మీద అంకె చాలా చిన్నగా రాసేది. నేను చదువుతున్నంతసేపూ నేల తుడుస్తూ ఉండేది, తుడిచిన నేలనే. మూడోసారి దాకా పొడి బాగానే పనిచేసింది. నాలుగోసారికి నీరసపడింది. అయిదోసారికి అర గ్రాములో సగం కూడా మిగల్లేదు. అంత గొప్ప ఉత్ప్రేరకం ఏమీ కాదు. కానీ నిజంగా అది అంతే. (నేనూ అప్పటికి అంతే మిగిలాను.)

ఆ అయిదో చీటీ తీసుకోవడానికి మధ్యాహ్నం క్లాసు అయ్యాక లాబ్‌కు వచ్చాను. చీటీ త్రాసు పక్కన ఉంది. దాని మీద ఎగిరిపోకుండా ఒక ఎండు పసుపు కొమ్ము పెట్టి ఉంది, మంచి రకం, చూపుడువేలంత. కాంటవ్వ కిటికీ దగ్గర నాకు వీపు పెట్టి నిలబడి ఉంది.

"గది తూకంల కలపకుండ్రి సారూ," అంది అటు తిరిగే. "అది ఉట్టిగ ఇచ్చిన."

పత్రం మరుసటి ఏడు ఒక మామూలు పత్రికలో వచ్చింది. అందులో బాణం గుర్తులు లేవు, గుడ్డు లేదు. చివర్లో కృతజ్ఞతలు చెప్పే చోట కాంటవ్వ పేరు రాస్తే గైడు సారు కొట్టేయలేదు, ఈమె ఏ డిపార్ట్‌మెంటు అని మాత్రం అడిగారు. ఆమె అసలు పేరు నేను తెలుసుకున్నది కూడా ఆ రోజే. అచ్చయిన పేజీలో తన పేరు చూపిస్తే, దాని మీద వేలు పెట్టి, తూకం తక్కువ వచ్చినా నా పేరు రాసిండ్రా అని అడిగింది. రాశామన్నాను.

ఇప్పుడు నేనూ ఒకరికి గైడు సారునే. మోకాళ్ల నొప్పులు, కళ్లకు జోడు, మధ్యాహ్నం కునుకు. పిల్లలు వచ్చి, నూటికి నూరు పాళ్లు పొడి తిరిగొచ్చింది సార్ అని మెరిసే కళ్లతో చెబితే, గీకింది ఎవరమ్మా అని అడుగుతాను. వాళ్లకు అర్థం కాదు, సారుకు వయసు మీద పడిందనుకుంటారు. పడిందేలే. నా బల్ల సొరుగులో ఆ పసుపు కొమ్ము ఇంకా ఉంది. ముడుచుకుని, రంగు పోయి, కొసలు అరిగి కొంచెం గుడ్డులా తయారైంది. పక్కగదిలోనే మంచి త్రాసు ఉంది, దశాంశం తరువాత నాలుగు అంకెల దాకా చూపిస్తుంది. ఇన్నేళ్లలో నేను దాన్ని ఒక్కసారి కూడా తూచలేదు.